ఉస్తాదులకు ఉస్తాద్ – డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బజారులో కొంత కన్నడం, చేతిలో ఇంగ్లీషు పుస్తకం. మన ఆదోని, ఎమ్మిగనూరు పిల్లల సంగతి ఇది. ఇంగ్లీషు సంగతి ఇంగ్లీషు మాస్టరు చూసుకుంటాడులే అని మేమూ చాలా కాలం అనుకున్నాము. ఒకనాడు లెక్కల గంటలో ఆరో తరగతి పిల్ల ఒకతె తీసివేత లెక్క దగ్గర బిక్కమొహం వేసింది. లెక్కలో ఉన్న 'లెఫ్ట్' అనే మాటకు ఎడమ చెయ్యి అని అర్థం చేసుకుందట! "బాకీ ఎన్ని?" అనగానే టక్కున చేసేసింది. లెక్కల మాస్టరు కూడా భాష నేర్పాలని మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. అందుకే జాకిర్ సాహెబ్ జీవితాన్ని మళ్లీ చదివాము. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలుసు. మాకు కావలసింది ఆయనలోని ఉస్తాద్.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి వకీలు. తల్లిదండ్రులిద్దరూ ఆయన చిన్నతనంలోనే పోయారు. ఇటావాలోను, అలీగఢ్‌లోను చదువుకున్నారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు విని కాలేజీ విడిచి, జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకున్నారు. 1922లో జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. జర్మన్ భాష ఆయన పెద్దయ్యాక నేర్చుకున్నదే. పరాయి భాషలో పాఠం వినే కష్టం ఆయనకు తెలియనిది కాదు.

1926లో తిరిగి వచ్చేసరికి జామియా నేడో రేపో మూతపడేలా ఉంది. 29 ఏళ్ల వయసులో ఆ భారం నెత్తిన వేసుకున్నారు. ఆయనా, తోటి ఉపాధ్యాయులూ నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. బూట్లు మాసిన పిల్లలకు తానే కూర్చుని పాలిష్ చేశారని కూడా చెప్పుకుంటారు.

1937లో వార్ధాలో గాంధీజీ విద్యా సభ జరిపినప్పుడు, బేసిక్ విద్యా ప్రణాళిక తయారుచేసే కమిటీకి ఆయనే అధ్యక్షులయ్యారు. ఏడేళ్ల చదువు, చేతిపని, అన్నిటికీ పునాదిగా మాతృభాష. నూలు, మగ్గం అంటే ఎమ్మిగనూరు వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఉపాధ్యాయుడు తయారుకాకుండా ఇదంతా కాగితం మీదే ఉంటుందని ఆయనకు తెలుసు. అందుకే శిక్షణకు మూడేళ్ల పూర్తి కోర్సు, అవసరానికి ఒక్క ఏడాది కోర్సు ప్రణాళికలోనే పెట్టారు. 1938లో జామియాలో 'ఉస్తాదోంకా మద్రసా' మొదలైంది.

ఆ ఏడేళ్ల చదువులో ఇంగ్లీషు లేదు. ఇక్కడ మాత్రం మేము ఆయన వెంట పూర్తిగా నడవలేము. మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే తండ్రి కూడా కొడుక్కి ఇంగ్లీషు కావాలంటున్నాడు. ఆ తండ్రిని తప్పుపట్టగలమా? ఇంగ్లీషు ఇవ్వవలసిందే. కాని ఇంటి భాషను గుమ్మం బయట వదిలి రమ్మంటే పిల్లకు 'బాకీ' కూడా పోతుంది, 'లెఫ్ట్' కూడా రాదు.

తర్వాత ఆయన 1948లో అలీగఢ్ వైస్ చాన్సలర్, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఇన్ని పదవుల మనిషి పిల్లల కోసం 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' కథ కూడా రాశారు. మా తరగతిలో ఆ కథను ముందు ఉర్దూలో చెప్పిస్తాము, తర్వాత తెలుగులో, ఆ పైన వచ్చినంత ఇంగ్లీషులో.

1969 మే 3న పదవిలో ఉండగానే ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉంది.