20 డాలర్ల నోటు మీది సేనాని

అమెరికాలో చదువుకునే మన పిల్లలు 20 డాలర్ల నోటు చూసే ఉంటారు. దాని మీది మనిషి ఆండ్రూ జాక్సన్, ఆ దేశ 7వ అధ్యక్షుడు. ఇలాంటి సంచికల్లో మన వీరుల జీవితాలు రాసుకుంటాం. ఇతనూ వీరుడే, కాకపోతే అవతలి పక్షం వీరుడు. అక్కడి ఆదివాసులకు ఏం జరిగిందో తెలియాలంటే ఇతని జీవితమూ తెలియాలి.

1767 మార్చి 15న కరోలినా సరిహద్దుల్లో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన ఇంట్లో పుట్టాడు. అప్పటికే తండ్రి లేడు. 13 ఏళ్ళకే బ్రిటిష్ వారి మీద పోరులో వార్తాహరుడయ్యాడు. పట్టుబడ్డాక ఒక అధికారి బూట్లు తుడవమంటే తుడవనన్నాడు. అధికారి కత్తితో కొట్టాడు. చేతి మీద, తల మీద ఆ మచ్చలు చివరిదాకా ఉండిపోయాయి. యుద్ధకాలంలోనే తల్లి, ఇద్దరు అన్నలు పోయారు. ఆ కుర్రాడి తెగువను మెచ్చుకోకుండా ఉండలేం.

తర్వాత టెన్నెసీలో లాయరు, జడ్జి, సేనాని అయ్యాడు. బానిసలతో పత్తి పండించి సంపన్నుడయ్యాడు.

పేరు తెచ్చింది క్రీక్ తెగతో యుద్ధం. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ దగ్గర నది వంపులో క్రీక్ యోధులు గట్టి దడి కట్టుకుని నిలబడ్డారు. ఫిరంగులకు ఆ దడి లొంగలేదు. జాక్సన్ పక్షాన వచ్చిన చెరోకీ ఆదివాసులు నది ఈది, అవతలి పడవలు తెచ్చి, వెనక నుంచి దాడి చేశారు. 800 మందికి పైగా క్రీక్‌లు చనిపోయారు. ఆగస్టులో ఒప్పందం పేరుతో జాక్సన్ తీసుకున్న క్రీక్ నేల సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు. అందులో తనకు తోడుగా పోరాడిన క్రీక్‌ల భూమీ ఉంది! ఈ యుద్ధంలోనే తల్లిని కోల్పోయిన క్రీక్ పసివాడు లింకోయాను ఇంటికి పంపి పెంచుకున్నదీ ఇతనే.

1815 జనవరిలో న్యూ ఆర్లియన్స్ దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని ఓడించి దేశమంతటికీ ఆరాధ్యుడయ్యాడు. ఆ కీర్తితోనే 1828లో అధ్యక్ష ఎన్నిక గెలిచాడు.

1830 మే 28న సంతకం చేసిన చట్టం తూర్పున ఉన్న తెగలను మిసిసిపీ నది అవతలికి పంపడానికి. దిగువ సభలో 102–97 ఓట్లతో, అంటే కేవలం 5 ఓట్ల తేడాతో నెగ్గింది. క్రీక్ యుద్ధంలో ఇతని కింద పనిచేసిన డేవీ క్రాకెట్ కూడా వ్యతిరేకంగా ఓటేశాడు.

చెరోకీలు అప్పటికే సెక్వోయా గారు కూర్చిన సొంత లిపిలో పత్రిక నడుపుతున్నారు. కోర్టుకూ వెళ్ళారు. 1832లో సుప్రీంకోర్టు, చెరోకీ నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది. జార్జియా లెక్కచేయలేదు, జాక్సన్ కలగజేసుకోలేదు. అదే ఏడాది సౌత్ కరోలినా సుంకాల చట్టాన్ని ధిక్కరిస్తే మాత్రం సైన్యాన్ని దింపుతానని బెదిరించాడు. అంటే రాష్ట్రాల మెడలు వంచడం చేతకాక కాదు.

చెరోకీ పెద్ద జాన్ రాస్ గారు కూడా హార్స్‌షూ బెండ్‌లో జాక్సన్ పక్షాన పోరాడినవారే. కొద్దిమంది చేసుకున్న 1835 ఒప్పందం మాకొద్దంటూ వేలాది సంతకాలు పంపించారు. ఫలితం లేకపోయింది. 1838లో, జాక్సన్ పదవి దిగాక, సైన్యం ఇళ్ళలోంచి జనాన్ని బయటికి తోలింది. ఆ కన్నీటి దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. రాస్ గారి భార్య క్వాటీ కూడా దారిలోనే కన్నుమూశారు.

జాక్సన్ 1845 జూన్ 8న సొంత ఇంట్లో, సొంత మంచం మీద పోయాడు.

క్రీక్‌లనూ ఇప్పటి ఓక్లహోమాకు తరిమారు. ఆ కొత్త నేల మీదేనని అప్పట్లో ఒప్పందాలు రాసిచ్చారు. 2020 జులైలో సుప్రీంకోర్టు ఆ కాగితాలనే ముందు పెట్టుకుని, నేర చట్టాల విషయంలో అది ఇప్పటికీ క్రీక్‌ల ప్రాంతమేనని తీర్పు చెప్పింది. వాటిలో 1832 నాటిది జాక్సన్ ప్రభుత్వం చేసుకున్నదే.