చెరసాలలో నీళ్లు కొలిచిన మనిషి

యిర్మీయా ప్రవక్తను బురద గోతిలోనుండి పైకి లాగిన సంగతి మనందరం ఆదివారపు బడిలోనే విన్నాం. అందులోని ఒక చిన్న వివరం మీద మాత్రం మనం పెద్దగా ప్రసంగించం. కూషీయుడైన ఎబెద్మెలెకు తాళ్లు ఒక్కటే దించలేదు. పాత గుడ్డపేలికలు కూడా దించి, తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకొమ్మని చెప్పాడు. ఖైదీ ప్రాణాన్నే కాక ఖైదీ చర్మాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఈ వారం నేను రాయదలచుకున్న జాన్ హోవర్డ్ కూడా అలాంటివాడే. చెరసాలకు వెళ్లి వాక్యం చెప్పినవారు చాలామంది ఉన్నారు. అక్కడ నీళ్లు ఎన్ని ఇస్తున్నారు, మురుగు ఎటు పోతోంది, కిటికీ ఎన్ని అంగుళాలు అని కొలిచి రాసుకున్నవాడు ఈయన.

1726లో లండన్ దగ్గర పుట్టాడు. తండ్రి ధనిక వ్యాపారి, రాజ్య సంఘానికి చెందని కుటుంబం. చిన్నప్పుడే తల్లి పోయింది, పదహారేళ్లకు తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది. ఆరోగ్యం అంతంతమాత్రం. తన జబ్బులో సేవ చేసిన ఇంటి యజమానురాలినే, తనకంటే ఎంతో పెద్దదైన ఆమెనే, పెళ్లాడాడు. కొన్నేళ్లకే ఆమె చనిపోయింది. అంతవరకు ఆయన జీవితంలో మనం చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

1755లో లిస్బన్ పట్టణం భూకంపంతో కూలిపోయింది. అక్కడి పరిస్థితి చూడాలని హోవర్డ్ ఓడెక్కాడు. ఆ రోజుల్లో ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు పడడంలేదు. ఫ్రెంచివారి దోపిడీ నౌక ఒకటి ఆ ఓడను పట్టుకొంది. బ్రెస్ట్ రేవు చేరేలోపు నలభై గంటలకు పైగా ఆయన నోట్లో ఒక్క చుక్క నీరు పడలేదు. తర్వాత ఆరు రాత్రులు నేలమాళిగలో గడ్డి మీద పడుకున్నాడు. చివరికి ఖైదీల మార్పిడిలో విడుదలై ఇంటికి చేరాడు. దాహం అంటే ఏమిటో ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. అయినా ఇంటికొచ్చాక దాదాపు పద్దెనిమిదేళ్లు బెడ్‌ఫర్డ్ జిల్లాలోని కార్డింగ్టన్ అనే పల్లెలో భూస్వామిగానే బ్రతికాడు. తన రైతులకు మంచి ఇళ్లు కట్టించాడు, పిల్లలకు చదువు చెప్పించాడు. రెండో భార్య హెన్రియెట్టా 1765లో కొడుకును కని వారం రోజులకే కన్నుమూసింది. ఆ గాయం చివరిదాకా మానలేదు.

1773లో ఆయనను బెడ్‌ఫర్డ్ జిల్లా షెరీఫ్‌గా నియమించారు. చట్టప్రకారం రాజ్య సంఘంలో ప్రభురాత్రి భోజనం పుచ్చుకున్నవారే ఆ పదవికి తగినవారు. హోవర్డ్ పుచ్చుకోలేదు, ఆయనను ఎవరూ కోర్టుకు లాగనూ లేదు. అప్పటిదాకా షెరీఫ్ అంటే ఊరేగింపులు, విందులు. జైలు చూసే పని కింది ఉద్యోగులది. హోవర్డ్ స్వయంగా లోపలికి వెళ్లాడు. ఆ బెడ్‌ఫర్డ్ జైలు పేరు మన పాఠకులకు కొత్త కాదు. 'యాత్రికుని ప్రయాణము' రాసిన జాన్ బన్యన్ 1660 నుండి పన్నెండేళ్లు మగ్గింది అక్కడే. బన్యన్ కాపరిగా ఉన్న సంఘంలోనే హోవర్డ్ చాలాకాలం ఆరాధించాడు కూడా. అంటే తన సంఘ కాపరి కూర్చున్న చెరసాల వందేళ్ల తర్వాత ఎలా ఉందో చూడడానికి వెళ్లాడన్నమాట.

అక్కడ ఆయనను నిలవేసింది ఒక లెక్క. జైలరుకు జీతం లేదు. ఖైదీలు కట్టే రుసుములే అతని బ్రతుకు. కోర్టు నిర్దోషి అని తేల్చినవాడు కూడా ఆ రుసుము కట్టలేకపోతే మళ్లీ లోపలికే. జైలరుకు జీతం ఇవ్వండని హోవర్డ్ మేజిస్ట్రేట్లను అడిగాడు. మరే జిల్లాలోనైనా అలా ఇస్తున్నారా, ఉంటే చూపించండి అన్నారు వాళ్లు. కమిటీలలో కూర్చున్న మనందరికీ ఈ జవాబు బాగా తెలిసినదే. వాళ్లు పని తప్పించుకోవడానికి అన్న మాటను పట్టుకొని హోవర్డ్ గుర్రమెక్కాడు. పక్క జిల్లా, దాని పక్క జిల్లా, అలా దేశమంతా తిరిగాడు. ఆయన వెదికిన ఉదాహరణ ఎక్కడా దొరకలేదు. ఎవరూ రాయని సంగతులు మాత్రం దొరికాయి.

కొన్ని జైళ్లలో నీళ్లే లేవు. కొన్నిచోట్ల బావి ఉన్నా ఖైదీలను గదుల్లో పెట్టి తాళం వేయడం వల్ల జైలరు తెచ్చిందే గతి. ఒకచోట మనిషికి రోజుకు మూడు పైంట్లు, మన లెక్కలో దాదాపు లీటరున్నర. తాగడానికీ అదే, కడుక్కోవడానికీ అదే. చాలా జైళ్లకు మురుగు కాలువలు లేవు. ఉన్నచోట మూత లేదు. నేర్స్‌బరో పట్టణంలో బాకీదారులను ఉంచే మట్టినేల గదిలోంచి ఊరి మురుగు కాలువ బయటికి కనబడుతూ పారేది. కొన్నేళ్ల ముందు అక్కడ కొద్దిరోజులు ఉండాల్సి వచ్చిన ఒక సైనికాధికారి ఎలుకల భయానికి కుక్కను వెంట తీసుకెళ్లాడట. ఆ కుక్కను ఎలుకలు చంపేశాయి, అతని ముఖాన్నీ కొరికాయి. ఇక కిటికీల మీద ప్రభుత్వం పన్ను వేసేది, అది కట్టవలసింది జైలరు. అందుకని జైలర్లు కిటికీలు మూసేసేవారు.

ఆ వాసన హోవర్డ్ బట్టలకు ఎంతగా పట్టేదంటే, బండిలో తలుపులు మూసుకుని ప్రయాణం చేయలేక గుర్రం మీదే తిరిగేవాడు. నోటుపుస్తకం కాగితాలను నిప్పు దగ్గర కాచాకే తెరిచేవాడు. అప్పటి చెరసాలల్లో ప్రబలిన జైలు జ్వరం ఉరికంబం కంటే ఎక్కువమందిని తీసుకుపోతోందని ఆయన తేల్చాడు. ఆ జ్వరం గోడలు కూడా దాటేది. 1750లో న్యూగేట్ ఖైదీలనుంచి అది లండన్ కోర్టులోకి పాకి న్యాయాధిపతులను, నగర మేయరును కూడా బలి తీసుకుంది. ఆ రోగాన్ని మోసేది ఒంటిమీది పేలు అని శాస్త్రజ్ఞుడు చార్లెస్ నికోల్ 1909లో గానీ కనిపెట్టలేదు. హోవర్డ్ దుర్గంధమే కారణం అనుకున్నాడు. కారణం తప్పు, చికిత్స మాత్రం సరిపోయింది. నీళ్లు, స్నానం, బట్టలు వేడిచేయడం, సున్నం.

1774లో ఆయన పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చాడు. ఆ ఏడే రెండు చట్టాలు వచ్చాయి. నిర్దోషుల రుసుము ఇక జిల్లా ఖజానా భరించాలి. గోడలకు ఏటా సున్నం వేయాలి, గాలి ఆడాలి, రోగులకు వేరే గది, స్నానానికి వసతి ఉండాలి. చట్టం అయిందని హోవర్డ్ ఇంట్లో కూర్చోలేదు. రెండింటినీ సొంత డబ్బుతో అచ్చువేయించి ప్రతి జైలుకూ పంపాడు. తర్వాత మళ్లీ తిరిగి, అమలు చేయనివాళ్లెవరో చూశాడు.

1777లో వచ్చిన ఆయన పుస్తకంలో మంచి జైలు ఎలా కట్టాలో ఉంది. ఏరు దగ్గర, గాలి తగిలే ఎత్తు నేల మీద కట్టాలి. రాత్రి ఒక్కొక్కరికి ఒక్కో గది ఉండాలి. ముంగిట్లో పంపు ఉండాలి. మెట్లున్న స్నానపు తొట్టి ఉండాలి. ఉదయం దాన్ని నింపి, సాయంత్రం ఖాళీ చేస్తే ఆ నీళ్లే మురుగు కాలువలను కడుగుతూ పోవాలి. పక్కన నీళ్లు కాచే రాగి కాగు, బట్టల్లోని పురుగులు చావడానికి ఒక పొయ్యి. ఒకసారి వాడిన నీళ్లతో రెండో పని చేయించే ఆ ఆలోచన దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అది వేదాంతపు మాట కాదు, ఇల్లాలి తెలివి.

క్రిస్మస్ నెలలో మన సంఘాలు జైళ్లకు వెళ్తాయి. కేకులు, పండ్లు, దుప్పట్లు ఇస్తాం, పాటలు పాడతాం, ఫొటో దిగుతాం. నేనూ ఏళ్లతరబడి వెళ్లాను. ఒక్కసారి కూడా ఇక్కడ కుళాయి ఎన్ని గంటలకు వస్తుందని అడగలేదు. హోవర్డ్ గురించి చదివేదాకా అది అడగవలసిన ప్రశ్న అని కూడా నాకు తోచలేదు.

ఆయన కోరిక తర్వాతి తరాల చేతుల్లో వంకర కూడా పోయింది. ఫిలడెల్ఫియాలో 1829లో తెరిచిన పెద్ద జైలులో గదిగదికీ మరుగుదొడ్డి, గొట్టాల నీళ్లు పెట్టారు. అప్పటికి అమెరికా అధ్యక్షుడి భవనంలో కూడా గొట్టాల నీళ్లు లేవు. కానీ ఆ గదుల్లో మనిషిని రాత్రింబగళ్లు ఒంటరిగా ఉంచారు. హోవర్డ్ అడిగింది రాత్రి నిద్రకు వేరు గది మాత్రమే. ఖైదీలు ఆ గొట్టాల్లోంచే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1842లో లండన్‌లో తెరిచిన పెంటన్‌విల్ జైలులోనూ గదికో మరుగుదొడ్డి పెట్టి, తర్వాత తీసేశారు. ఆ తీసేయడం ఎంత దూరం పోయిందంటే, ఇంగ్లండు జైళ్లలో తెల్లవారాక బకెట్లు మోసుకెళ్లి పారబోయడం 1996లో గానీ ముగియలేదు. నేడు పాశ్చాత్య దేశాల జైళ్లలో తొట్టి, మరుగుదొడ్డి కలిపి ఒకే స్టీలు రేకుతో చేస్తారు. ఊడదీసే మూత ఉండదు, కోసే అంచు ఉండదు, ఉరితాడు కట్టడానికి కొక్కెం ఉండదు. బటన్ నొక్కితే కాసేపు నీళ్లు వచ్చి ఆగుతాయి. గొట్టాలు గోడ వెనుక సందులో ఉంటాయి కాబట్టి, మేస్త్రీ గదిలోకి రాకుండానే బాగుచేస్తాడు. అవన్నీ చూసినప్పుడు నాకు ఎబెద్మెలెకు గుడ్డపేలికలే గుర్తొస్తాయి.

హోవర్డ్‌ను మచ్చలేని భక్తుడిగా చూపడం నాకిష్టం లేదు. ఆయన క్రమశిక్షణ కఠినమైనది. మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు. తల్లిలేని కొడుకును ఇతరుల దగ్గర వదిలి ఏళ్లకేళ్లు యూరప్ అంతా తిరిగాడు. ఆ కొడుకు దారితప్పి, చివరికి మతిస్థిమితం కోల్పోయాడు. తండ్రి కాఠిన్యమే కారణమని కొందరన్నారు, స్నేహితులు కాదన్నారు. పరిచర్య పేరుతో ఇల్లు మరచినవాళ్లం మనలో ఉన్నాం. తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు.

వృద్ధాప్యంలో ఆయన దృష్టి తెగుళ్ల మీదికి మళ్లింది. ఓడ ప్రయాణికులను నిర్బంధించే ఇళ్లు ఎలా ఉంటాయో లోపలినుంచే తెలుసుకోవాలని, తెగులు అనుమానమున్న ఓడను కావాలని ఎంచుకొని స్ముర్న నుండి వెనిస్‌కు వెళ్లాడు. స్ముర్న, ప్రకటన గ్రంథంలో మనకు తెలిసిన ఊరే. వెనిస్‌లో ఇచ్చిన గది కంపు భరించలేక, సున్నం తెప్పించి, వేడినీళ్లలో కలిపి గోడలకు తానే పూయించాడు. ఆ రోజుల్లోనే రెండు వార్తలు అందాయి. ఒకటి కొడుకు పరిస్థితి. రెండోది, లండన్‌లో తనకు విగ్రహం పెట్టడానికి చందాలు పోగవుతున్నాయని. వెంటనే ఆపమని రాశాడు.

1789లో మళ్లీ బయలుదేరి రష్యా మీదుగా నల్లసముద్రం దగ్గరి ఖెర్సోన్ చేరాడు. సైనిక ఆసుపత్రులు చూస్తూ, జ్వరంతో ఉన్న ఒక యువతిని పరామర్శించడానికి వెళ్లి ఆ జ్వరమే తెచ్చుకున్నాడు. 1790 జనవరి 20న అక్కడే కన్నుమూశాడు. సమాధి మీద స్మారకం వద్దని, ఒక నీడ గడియారం పెడితే చాలని చెప్పి వెళ్లాడు. లండన్‌లోని సెయింట్ పాల్ దేవాలయంలో మాత్రం మొట్టమొదట నిలబెట్టిన విగ్రహం ఆయనదే. చేతిలో తాళంచెవి ఉంటుంది, కాళ్ల కింద సంకెళ్లు ఉంటాయి.