అన్న చెమట, తమ్ముడి కుర్చీ

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర బొగ్గుతో నడిచే ఒక పెద్ద కరెంటు ప్లాంటుంది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. మన జైపూర్‌లోనూ సింగరేణి కరెంటు ప్లాంటు నడుస్తోంది. బొగ్గు తవ్వేవాళ్లలో, మోసేవాళ్లలో, మండించేవాళ్లలో మన వాడల బిడ్డలు ఎందరో ఉన్నారు. అందుకే ఆ పేరు వెనకున్న మనిషిని ఇక్కడి విద్యార్థులకు గుర్తుచేయాలనుకున్నాం. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన అన్న చిన్నయ్య గురించి చెప్పాలి.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనున్న పెదపాడులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. సెంటు భూమి లేదు. నేత, కూలి వాళ్ల బతుకు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి పోయాడు. తల్లి పిల్లలను తీసుకుని మేనమామ ఊరు పాలకుర్తికి చేరింది. కొన్నేళ్లకు మళ్లీ పెదపాడు వచ్చారు. అప్పటికి ఇంటి బరువు చిన్నయ్య భుజాల మీద పడింది. ఆయన కూలికి పోయారు, తమ్ముడు బడికి పోయాడు.

ఊరి బడి అయ్యాక కర్నూలులో మిషన్ బడి, ఆ తర్వాత మున్సిపల్ హైస్కూలు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి.లో సంజీవయ్య జిల్లాకే మొదటివాడిగా నిలిచారు. అంటరానివాడని దూరంగా నిలబెట్టే కాలంలో అది చిన్న సంగతి కాదు. అన్న చేయూతతోనే అనంతపురం దత్తమండల కళాశాలలో చేరారు. డిగ్రీ అయ్యాక చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు, మద్రాసులో లా చదివారు.

1952లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి! అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ కుర్చీలో ఉన్నది రెండేళ్లకు కాస్త పైన. అంతలోనే ముసలివాళ్లకు పింఛను మొదలుపెట్టారు, భూమిలేని పేదలకు ప్రభుత్వ భూములు పంచారు, లంచగొండుల మీద అవినీతి నిరోధక శాఖను నిలబెట్టారు. 1962లో కాంగ్రెస్ పార్టీకి జాతీయ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోనూ తొలి దళితుడు ఆయనే.

బొగ్గుబావుల మనుషులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఆ తర్వాతి కాలం. 1964లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బోనస్ యజమాని దయ కాదు, కార్మికుడి హక్కు అని తేల్చిన 1965 బోనస్ చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. కూలి డబ్బుతో చదువుకున్నవాడికి కూలి విలువ వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 51.

ఈ కథలో నాయకుడు ఒక్కడేనా? మాకు ఇద్దరు కనిపిస్తున్నారు. నాయకుడంటే మైకు ముందు నిలబడేవాడే అనుకుంటాం. తండ్రిలేని ఇంట్లో ఎవరు బడికి పోవాలో, ఎవరు పనికి పోవాలో తేల్చి, కష్టమైన పాలు తాను తీసుకున్న చిన్నయ్యది నాయకత్వం కాదా?

ఈ ప్రాంతంలో ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనికి పోయి తమ్ముడి ఫీజు కట్టే అన్నలున్నారు. తన చదువు ఆపుకుని చెల్లెలిని హాస్టల్‌కు పంపిన అక్కలున్నారు. తమ్ముడికో చెల్లికో ర్యాంకు వస్తే వాడంతా మిఠాయి పంచి, తమను ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం మేమేం చేశామని తల దించుకుంటారు. తల దించుకోకండి. తోబుట్టువు గెలుపు చూసి గర్వపడండి, ఆ గెలుపులో మీ పాలెంతో కూడా లెక్కగట్టుకోండి. ఇంటిని నడిపించినవాళ్లు యూనియన్‌ను నడపగలరు, వాడను నడపగలరు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. రేపు మీరు ఏ కుర్చీలో కూర్చున్నా, అది ఎవరి చెమటతో వచ్చిందో మరిచిపోకండి.