నవల రాసిన చేత్తోనే పెళ్లిపందిరి వేసిన పంతులు

డిగ్రీలోనో పీజీలోనో ఇంగ్లీషు నవలలు పాఠ్యాంశంగా చదివిన మన హాస్టల్ మిత్రులకు ఒక విషయం తెలిసే ఉంటుంది. ఆ నవలల్లో సగానికి సగం పెళ్లి గొడవే. 1813లో వెలువడిన జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ఐదుగురు ఆడపిల్లలున్న తండ్రి ఎస్టేటు ఆయన తర్వాత మగ దాయాదికి పోతుంది. అందుకే ఆ తల్లికి రాత్రింబగళ్లు సంబంధాల చింతే. భూమి ఎవరిది, కట్నం ఎంత, వంశం ఏది అనే లెక్కలు తేలాకే ప్రేమ. దేశం వేరైనా ఆ లెక్కలు మనకు కొత్త కావు. అలాంటి ఒక ఇంగ్లీషు నవల ప్రేరణతో తెలుగులో నవల రాసి, తర్వాత నిజంగానే పెళ్లిపందిరి వేసిన మహనీయుడు కందుకూరి వీరేశలింగం పంతులు. ఆయన జీవితాన్ని క్లుప్తంగా మీ ముందుంచుతున్నాము.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేళ్ల వయసులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నం ఇంట పెరిగారు. చిన్ననాడే మశూచి సోకడం వల్ల జీవితాంతం ఆరోగ్యం అంతంత మాత్రమే. పదమూడో ఏట పెళ్లి చేశారు. పెళ్లికూతురు బాపమ్మ ఇంకా చిన్నపిల్ల. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి అయింది. బాల్యవివాహాలను ఎదిరించిన మనిషిదే బాల్యవివాహమన్నమాట.

1869లో మెట్రిక్యులేషన్ ప్యాసై బడిపంతులుగా కోరంగిలోనూ, ధవళేశ్వరంలోనూ, రాజమండ్రిలోనూ పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ఆడపిల్లకు అక్షరం వస్తే సంసారం చెడుతుందని పెద్దలు గట్టిగా నమ్మిన రోజులవి. అదే సంవత్సరం వివేకవర్ధని పత్రిక స్థాపించి లంచగొండి ఉద్యోగుల మీద, మూఢాచారాల మీద కలం ఎత్తారు. 1883లో స్త్రీల కోసమే సతీహితబోధిని అనే పత్రిక నడిపారు.

1878లో వివేకవర్ధనిలో ఆయన రాజశేఖర చరిత్రము రాయడం మొదలుపెట్టారు. 1766లో వెలువడిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ దీనికి ప్రేరణ. ఆ ఇంగ్లీషు నవలలో ఒక పల్లెటూరి మతగురువు ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆస్తి పోయిందని తెలియగానే కొడుకుకు కుదిరిన సంబంధం తప్పిపోతుంది. కూతుర్ని భూస్వామి దొంగపెళ్లితో వంచిస్తాడు. డబ్బు లేనివాడి ఆడపిల్లకు గౌరవం కూడా దక్కదన్న సత్యం అందులో ఉంది. పంతులుగారు ఆ కథను ఉన్నదున్నట్టు దించలేదు. ధవళేశ్వరం మనుషులను, గోదావరి తీరాన్ని, ముఖస్తుతి చేసే బంధువులను, బంగారం చేసిస్తానని ముంచిన బైరాగిని తీసుకొచ్చి మన కథ చేశారు. ఈ నవల 1887లో ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది.

ఈ నవలలో మమ్మల్ని ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. రాజశేఖరుడి పెద్దకూతురు రుక్మిణి భర్త చనిపోయాడని కబురు వస్తుంది. విధవ పడే కష్టమంతా పాఠకుడి కళ్లముందుకు వస్తుంది. కానీ చివరికి ఆ భర్త బతికే ఉన్నాడని తేలుతుంది. అంటే కథలో రుక్మిణికి పాత భర్త తిరిగి దొరికాడే గాని, పునర్వివాహం జరగలేదు. కాగితం మీద ఆగిపోయిన ఆ పనిని రచయిత కొద్ది సంవత్సరాలకే సొంత ఇంట్లో చేశారు.

వితంతువుల పెళ్లి చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం ఉన్నా ముందుకు వచ్చేవారు లేరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో చిన్ననాడే వితంతువైన గౌరమ్మకు, గోగులపాటి శ్రీరాములుకు వీరేశలింగం వివాహం జరిపించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. శిష్యులు అండగా నిలిచారు. ఊరు మాత్రం వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసి, తానే వంట చేసి పెట్టింది. తర్వాత వచ్చిన వితంతు బాలికలకు తల్లి అయింది. పంతులుగారి పేరు చెప్పుకునేటప్పుడు ఆ తల్లి బిందెను మరిచిపోకూడదని మా అభిప్రాయం. అలా దాదాపు నలభై పెళ్లిళ్లు జరిగాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ఉద్యమం ఎక్కువగా అగ్రవర్ణాల ఇళ్లలో జరిగింది. కూలినాలి చేసుకునే అనేక కులాలలో మారుమనువు అప్పటికే ఆచారంగా ఉంది. పై కులాలు దాన్ని తక్కువతనానికి గుర్తుగా చూసేవి. పెద్దింటి ఆడవాళ్ల కోసం పంతులుగారు దెబ్బలాడి సాధించిన హక్కు, మన అవ్వలకు ఎవరూ ఇవ్వకుండానే ఉండిందన్నమాట. కానీ మన అవ్వలకు లేనిది ఇంకొకటుంది. అది బడి. పంతులుగారు పెళ్లిళ్లతో పాటు బడి తెరవడం వల్లనే ఆయన జీవితం మనకు కూడా పనికొస్తుంది.

1899 నుంచి కొన్నేళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తినంతా దానికే ఇచ్చేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. 1919 మే 27న మద్రాసులో వీరేశలింగం తుదిశ్వాస విడిచారు.

ఇదంతా గోదావరి ఒడ్డున జరిగిన కథ, మన రాప్తాడుకెందుకు అనుకోవద్దు. వాన రాక శనక్కాయ పంట ఎండిన ఏడు మన పల్లెల్లో ముందుగా ఆగేది ఆడపిల్ల చదువే. అప్పు పెరగకముందే పెళ్లి చేసి పంపితే ఒక భారం తీరుతుందని ఇంట్లో లెక్క వేస్తారు. ఆ లెక్క ఆస్టిన్ నవలలోని తల్లిదీ, గోల్డ్‌స్మిత్ కథలోని తండ్రిదీ కూడా. పద్దెనిమిదేళ్లు నిండనిదే పెళ్లి చేయరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది. 1856 చట్టం లాగే దీనికీ నిలబడే మనుషులు కావాలి. మేము మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలు మన మాట కొంచెం వింటారు. ఆ కాస్త మాటను చెల్లెలి చదువు కోసం వాడదాం. ఇంటర్ పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పక్కన నిలబడదాం. సంబంధం వచ్చిందంటే రెండేళ్లు ఆగమని అడుగుదాం. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు కూడా ఈ విషయంలో తలా ఒక చేయి వేయాలని కోరుతున్నాము.