అలెగ్జాండరు వాట్సన్ హటను చరిత్రము

దక్షిణ అమెరికాఖండమందలి అర్జెంటీనా దేశమున ఫుట్బాలు ఆటకు తండ్రియని పేరొందినవాడు గొప్ప ఆటగాడు గాడు, ధనవంతుడును గాడు, ఒక బడిపంతులు. ఆయన పేరు అలెగ్జాండరు వాట్సన్ హటను. ఆ దేశమువారు 1978, 1986, 2022 సంవత్సరములందు ప్రపంచపు పోటీలలో విజయమందిరని మన బాలురకెల్ల తెలియును. అందలి మేటి ఆటగాండ్ర పేర్లను చిన్నతరగతులవారు సైతము తడువుకొనక చెప్పగలరు. కాని ఆ యాట అచ్చటి బడులలో కాలూనుటకు పూర్వము ఒక ఉపాధ్యాయుడు ఆటస్థలముకొరకు తన కొలువును విడువవలసి వచ్చెనన్న సంగతి నెరిగినవారు తక్కువ. అందుచే ఆయన చరిత్రమును సంగ్రహముగ నిట వ్రాయుచున్నాను.

హటను 1853వ సంవత్సరము జూను 10వ తేదీని స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో పట్టణమున జన్మించెను. ఆ కాలమున గ్లాస్గో ఓడలు గట్టుటకును, ఇనుపపనులకును, నూలుమిల్లులకును ప్రసిద్ధి కెక్కియుండెను. ధనము విస్తారముగ బుట్టుచుండినను, పనివారు కాపురముండు వీథులు ఇరుకై, పొగచే గప్పబడి, క్షయ మొదలగు రోగములకు నిలయములై యుండెను. హటను పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, తల్లికి తల్లియగు ముసలిదాని పోషణమున బెరిగెను. చదువునకై ఆయనను ఎడింబరో నగరమందలి డేనియల్ స్టీవర్టు విద్యాలయమునకు బంపిరి. ఆ విద్యాలయము డేనియల్ స్టీవర్టు అను నొక గృహస్థుడు మరణశాసనమూలముగ విడిచిన సొమ్ముతో, దిక్కులేని బాలురకొరకు స్థాపింపబడినది. పరుల దాతృత్వమున జదువుకొన్న బాలుడు పెద్దవాడై బోధకవృత్తిని గైకొనుట వింతగాదు. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము నభ్యసించి పట్టమును బొందెను.

ఇట నొక సంగతి చెప్పవలసియున్నది. ఆ దినములలో బ్రిటను దేశపు విద్యాలయములలో ఆటలను గూర్చి క్రొత్త యభిప్రాయము ప్రబలుచుండెను. పుస్తకములు బుద్ధిని మాత్రమే దిద్దుననియు, జట్టుగా గూడి ఆడు ఆటలు బాలునకు ఓర్పును, ఆజ్ఞాపాలనమును, ఓటమిని భరించు శక్తిని నేర్పుననియు ఉపాధ్యాయులు తలంచుచుండిరి. లండను నగరమున 1863లో ఫుట్బాలు సంఘమేర్పడి నిబంధనలు వ్రాయబడినప్పుడు హటను పదియేండ్ల బాలుడు. కావున ఆ యాటయు ఆయనయు నొక్క కాలమున నెదిగినవారని చెప్పవచ్చును.

అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐర్సు నగరమునందు స్కాట్లాండువారు అంతకు చాలకాలము పూర్వమే స్థిరపడియుండిరి. 1825లో సిమెట్రీ అను ఓడపై గొందరు రైతులును పనివారును సకుటుంబముగ వచ్చి, నగరమునకు సమీపమున నొక వలస నేర్పరచుకొనిరి. వారి పిల్లల చదువునకై 1838లో సెయింట్ ఆండ్రూస్ పాఠశాల స్థాపింపబడెను. తరువాత రైలుమార్గములు వేయుటకును, బ్యాంకులు నడుపుటకును, పశుమాంసము, ధాన్యము ఎగుమతి చేయుటకును బ్రిటిషువారు మరింత మంది చేరిరి. వారిలో థామసు హాగు అను నాతడును అతని మిత్రులును 1867 జూను 20వ తేదీని నగరమందలి క్రికెట్టు మైదానమున ఫుట్బాలు ఆడిరి. ఆ దేశమున ఆడిన మొదటి యాట యదియే. కాని అది పెద్దల వినోదమై, మొలచియు నెదుగని విత్తనమువలె నుండిపోయెను.

1882వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీని హటను బ్యూనస్ ఐర్సు రేవున దిగెను. సెయింట్ ఆండ్రూస్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగ ఆయనను బిలిపించియుండిరి. వయస్సు ఇరువదియెనిమిది, దేశము క్రొత్తది, భాషయు క్రొత్తది. ఆయన కుదురుకొని బోధించుచు, కొలదికాలములోనే పాలకవర్గమువారి నొక కోరిక కోరెను. పాఠశాలకు విశాలమగు ఆటస్థలమును, వ్యాయామశాలయు గావలెనని యడిగెను. పాలకులు అంగీకరింపరైరి. వారి పక్షమునను గొంత న్యాయమున్నదేమో. ఇట్టి బడుల పాలకులకు ధనము ఎల్లప్పుడును చాలీచాలనిదే గదా! ఉన్న సొమ్మును గదులకును పుస్తకములకును వెచ్చింతుమా, గడ్డినేలకు వెచ్చింతుమా యని వారు తలంచియుందురు. హటనుకు మాత్రము ఆ గడ్డినేల తరగతిగదియంత ముఖ్యమైనది. ఇరుపక్షముల యభిప్రాయములును గలియలేదు. తెచ్చుకొన్న కొలువును, నమ్మకమగు జీతమును వదలుకొని ఆయన పాఠశాలను విడిచి వెడలెను.

వెడలినవాడు స్వదేశమునకు మరలి పోలేదు. అదే నగరమున 1884వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీని ఇంగ్లీషు హైస్కూలు అనుపేర స్వంతముగ నొక పాఠశాలను దెరచెను. అప్పటికాయన వచ్చి రెండేండ్లయినను నిండలేదు. చేత ధనము లేని పరదేశి పరాయిదేశమున బడి పెట్టుట యెంత సాహసమో, బడులు నడుపువారికి వేరుగ జెప్పనక్కరలేదు. తనతోడి ఉపాధ్యాయినియగు మార్గరెట్ బడ్జిని ఆయన వివాహమాడెను. 1886లో వారికి ఆర్నాల్డు అను కుమారుడు గలిగెను.

ఆ 1886లోనే స్కాట్లాండునుండి విలియం వాటర్సు అను యువకుడు హటనుకు తోడుగ వచ్చుచు, తోలుబంతులను గొన్నిటిని దెచ్చెను. ఈ బంతులను గూర్చి యొక కథ కలదు. గాలి తీసి మడచిన ఆ తోలుసంచులను రేవునందలి సుంకపుటుద్యోగులు త్రిప్పిత్రిప్పి చూచి, అవి యేమో తెలియక, ఇంగ్లీషువారి పిచ్చివస్తువులని లెక్కపుస్తకమున వ్రాసికొనిరట. ఇది నిజమో, తరువాతివారు కల్పించినదో గాని, అర్జెంటీనాలో నేటికిని నవ్వుచు జెప్పుకొందురు. నిజమైనచో ఆ యుద్యోగుల మనుమలు అవే పిచ్చివస్తువుల వెంట ప్రాణము లొడ్డి పరుగెత్తిరనుట మాత్రము నిశ్చయము.

హటను పాఠశాలలో ఆటలు చదువునందు భాగమయ్యెను. 1891లో నగరమందలి జట్లకు మొదటిసారి లీగు పోటీలు జరిగెను. వీనిని నడపినవాడు అలెక్ లామంటు అను మరియొక ఉపాధ్యాయుడు. అతడు హటను విడిచివచ్చిన సెయింట్ ఆండ్రూస్ పాఠశాలవాడే. అంతేకాదు, ఆ పోటీలలో విజయమందిన జట్లలో నొకటి సెయింట్ ఆండ్రూస్ పేరు ధరించినదే. ఆటస్థలము లేదని హటనుకు జెప్పిన పేరే మొదటి విజేతల పట్టికలో నుండుట చిత్రము. కాని ఆ లీగు ఒక్క యేడాదితోనే చల్లారెను; 1892లో పోటీలే జరుగలేదు.

అప్పుడు హటను పూనుకొనెను. 1893 ఫిబ్రవరి 21వ తేదీని క్రొత్తగ ఆర్జెంటైన్ అసోసియేషన్ ఫుట్బాల్ లీగు అను సంఘమును స్థాపించి, తాను దానికి అధ్యక్షుడయ్యెను. ఆ దేశపు ఫుట్బాలు సంఘము నేటికిని ఆ తేదీనే తన జన్మదినముగ నెంచుచున్నది. దక్షిణ అమెరికాఖండమందలి ఇట్టి సంఘములలో నిదియే మొదటిది. ఆ యేటి పోటీలకు అయిదు జట్లు వచ్చెను. అందు హటను పాఠశాల జట్టొకటి. గెలుపు లోమాస్ అను ఊరివారికి దక్కెను. పాఠశాల బాలురకు అప్పటికి బలము చాలలేదు. అధ్యక్షుడు తన జట్టు ఓడుచుండగా జూచుచు పోటీలను నడపెను.

1898లో ప్రభుత్వమువారు విద్యాలయములలో వ్యాయామము నేర్పుట విధిగ జేసిరి. పదునారేండ్ల క్రిందట పాలకులు త్రోసివేసిన కోరిక ఇప్పుడు దేశమున కంతటికి శాసనమయ్యెను. ఆ సందర్భమున హటను తన విద్యార్థులను, పూర్వవిద్యార్థులను జేర్చి యొక క్రీడాసంఘమును గట్టెను. 1900లో ఆ జట్టు మొదటి తరగతి పోటీలలో జేరి, జేరిన యేటనే విజయమందెను. మరుసటి యేడు పాఠశాలల పేర్లతో జట్లు ఆడగూడదనియు, అది ఆ పాఠశాలలకు ప్రకటనవలె నగుననియు సంఘమువారు నిషేధించిరి. కాబట్టి జట్టు అలుమ్ని యని పేరు మార్చుకొనెను. అలుమ్ని యన లాటిను భాషలో విద్యార్థులని యర్థము. పేరులోనుండి బడిని దీసివేసినను బడిపిల్లలు మిగిలిరి!

అటుపిమ్మట అలుమ్ని సాధించిన కీర్తికి ఆ కాలమున సాటిలేదు. 1900 మొదలు 1911 వరకు గల పండ్రెండేండ్లలో పది పర్యాయములు ఆ జట్టే ప్రథమస్థానము నందెను. 1904లోను 1908లోను మాత్రము బెల్‌గ్రానో జట్టు దానిని మించెను. ఎరుపు తెలుపు చారల చొక్కాలు ధరించి అలుమ్నివారు మైదానమునకు వచ్చుచుండగా జూచుటకు జనులు గుమిగూడెడివారు. జట్టునకు వెన్నెముక బ్రౌను కుటుంబము. హోర్హె, ఎర్నెస్టో, ఎలిసెయో, ఆల్ఫ్రెడో, కార్లోసు మొదలగు అన్నదమ్ములు ఒకే యింటినుండి వచ్చి, ఒకే బడిలో జదివి, ఒకే జట్టున ఆడిరి. వీరు 1825లో సిమెట్రీ ఓడపై వచ్చిన వలసవారి సంతతి. హటను కుమారుడగు ఆర్నాల్డును ఆ జట్టులో ఆడి, పిమ్మట దేశపు జట్టునను స్థానము సంపాదించెను. దేశపు జట్టు తన పొరుగుదేశమగు ఉరుగ్వేతో ఆడుటకు 1905లో నొక వెండిపాత్రను బహూకరించినవాడు మన యిండ్లలో టీపొట్లములపై గానవచ్చు లిప్టను దొరయే; అతడును గ్లాస్గోవాడే.

ఇంగ్లండునుండి గొప్పజట్లు వచ్చి ఆడి పోవుచుండెను. 1904లో సౌతాంప్టను జట్టు అలుమ్నిని మూడు గోలులతో నోడించెను. 1906 జూను 24వ తేదీని దక్షిణాఫ్రికాజట్టుతో జరిగిన ఆట మాత్రము వేరు. తెల్లవారు మాత్రమే గల ఆ జట్టు ఆ పర్యటనమున పండ్రెండు ఆటలాడి పదునొకండు గెలిచెను. ఓడిన యొక్కటి అలుమ్ని చేతనే. ఆల్ఫ్రెడో బ్రౌను వేసిన యొక్క గోలుతో. సముద్రముదాటి వచ్చిన జట్టును అర్జెంటీనా జట్టొకటి గెలుచుట అదియే మొదలు.

1910లో హటను ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించెను. తన పాఠశాలను ఇరువదియారేండ్లు నడపెను. అటుపిమ్మట అలుమ్నియు నెక్కువకాలము నిలువలేదు. దాని బలమే దాని బలహీనత యయ్యెనని నాకు దోచుచున్నది. ఒక్క బడినుండి వచ్చినవారితోనే జట్టు నింపవలయునన్న, పెద్దవారు అలసినప్పుడు వారి చోటులకు దగినవారు దొరకుట కష్టము. ఆ వేళకు నగరమందలి పేటపేటకును క్రొత్తజట్లు పుట్టెను. రేవుపనివారి పిల్లలును, ఇటలీ, స్పెయిను దేశములనుండి వచ్చినవారి పిల్లలును సందులలో ఆడి నేర్చి, 1901లో రివర్ ప్లేటు, 1903లో రేసింగు, 1905లో బోకా హూనియర్సు మొదలగు సంఘములను స్థాపించుకొనిరి. వీరికి బడితో బనిలేదు. ఆట వచ్చిన చాలును. 1912లో అలుమ్ని పోటీలకు రాకపోగా, హోర్హె బ్రౌను మొదలగువారు కొందరు కిల్మెస్ జట్టున జేరి ఆ యేటి విజయమును దానికి సంపాదించి పెట్టిరి. 1913 ఏప్రిలు 24వ తేదీని సభ్యులు సమావేశమై అలుమ్ని సంఘమును రద్దుచేసిరి. నిలువయున్న సొమ్మును దమలో బంచుకొనక ధర్మసంస్థలకు దానము చేసిరి. ఆ యేడు లీగున గెలిచినది రేసింగు జట్టు. అనాథబాలుడై పరుల దానముతో జదివిన గురువుగారి శిష్యులు కడపటి లెక్కను అట్లు ముగించిరి.

హటను మాత్రము ఇంకను ఇరువదిమూడేండ్లు జీవించెను. 1930లో ప్రపంచపు మొదటి పోటీ ఉరుగ్వేలో జరిగి, చివరి యాటలో అర్జెంటీనా నాలుగు గోలులకు రెండుగ ఓడినప్పుడు ఆయన వయస్సు డెబ్బదియేడు. 1931లో పెద్దసంఘములు వేరుపడి, జీతములిచ్చి ఆడించు లీగును బహిరంగముగ నేర్పరచుకొనెను. బాలుర నడవడికై ఆయన నాటిన ఆట పెద్దలకు బ్రతుకుదెరువాయెను. కొందరు దీనిని పతనమందురు. మైదానములేని పేటలలో బుట్టిన పేదబాలునకు కాలిబలమే కూడు పెట్టినప్పుడు దానిని నిందింప నాకు మనస్సు రాదు.

1936 మార్చి 9వ తేదీని హటను బ్యూనస్ ఐర్సులోనే కాలధర్మము నొందెను. చకరీత పేటయందలి బ్రిటిషు శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది. ఆ దేశపు ఫుట్బాలు సంఘమువారి గ్రంథాలయమునకు ఆయన పేరు పెట్టిరి. ఫుట్బాలు మైదానమునకు గాక గ్రంథాలయమునకు! 1950లో ఆయన చరిత్రమును, అలుమ్ని చరిత్రమును గూర్చి యొక చలనచిత్రము తీయబడెను. మరుసటి యేడు ఇంగ్లీషు హైస్కూలు పూర్వవిద్యార్థులు గూడి అలుమ్ని పేరును, ఆ యెరుపు తెలుపు రంగులను మరల ధరించి, క్రొత్తసంఘ మొకటి స్థాపించిరి. అది నేటికిని ఆడుచున్నది. కాని వారాడునది రగ్బీ. బంతి గుండ్రనిది గాదు.