గణితవేత్త ఆలన్ ట్యూరింగు జీవితము

పూర్వపు చెన్నరాజధానికిని, నేడు లోకమంతయు వాడుచున్న కంప్యూటరు యంత్రములకును గల యొక సంబంధమును మన విద్యార్థులలో ననేకు లెరుగరు. ఆ యంత్రములకు మూలసూత్రము నేర్పరచిన ఆలన్ మాథిసన్ ట్యూరింగు ఆంగ్లేయుడు. ఆయన తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసులో జేరి బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో పెక్కేండ్లు ఉద్యోగము చేసెను. తల్లి ఎథెల్ సారా పోదనూరులో జన్మించినది. మద్రాసు రైల్వేకు ప్రధాన ఇంజనీరుగా నుండిన ఎడ్వర్డు వాలర్ స్టోనీగారి కుమార్తె. స్టోనీగారు తుంగభద్రపై రైలువంతెన నిర్మాణమున పాల్గొనిరి. చప్పుడు చేయని పంకాచక్రము నొకదానిని గూడ కల్పించిరి. మనుమనికి యంత్రములపై బుద్ధి పుట్టుటకు ఇదియే కారణమని మేము చెప్పజాలము గాని, కీచుమను పంకాల క్రింద వేసవి మధ్యాహ్నములు గడపినవారెల్లరు ఆ ఇంజనీరును తప్పక మెచ్చుకొనియుందురు.

ఆలన్ 1912వ సంవత్సరము జూన్ 23వ తేదీన లండను నగరమున జన్మించెను. మన దేశపు ఎండలు పసిపిల్లలకు పడవని తలచి, తల్లిదండ్రులు అతనిని, అన్నయగు జాన్‌ను ఆంగ్లదేశములో సముద్రతీరమున నున్న యొక విశ్రాంత సైనికోద్యోగి కుటుంబమున విడిచి, తాము మరల ఇండియాకు వచ్చుచు పోవుచు నుండిరి. పిల్లలను అవ్వతాతల యొద్ద నుంచి దూరదేశములలో కాలము గడపు తల్లిదండ్రులు నేడు మన తెలుగువారిలోను కలరు. ఆ ఎడబాటెట్టిదో వారికి మేము వివరింప నక్కరలేదు.

1926లో ఆలన్ షెర్బర్న్ పాఠశాలలో జేరవలసిన దినముననే దేశమంతట సమ్మె సంభవించి రైళ్లు నిలిచిపోయెను. పదమూడేండ్ల ఆ బాలుడు వెనుదీయక, దారిలో నొక సత్రమున రాత్రి గడిపి, సుమారు 60 మైళ్లు సైకిలు త్రొక్కుకొని పాఠశాలకు చేరెను. అయినను ఉపాధ్యాయుల కాతనిపై మెప్పు కంటె ఫిర్యాదులే యెక్కువ. దస్తూరి చెడ్డది, పుస్తకములు సిరామరకల మయము, చెప్పిన పద్ధతిని విడిచి తన దారిన లెక్క చేయును. ఆ పాఠశాలలో నాతనికి దొరకిన యొకే ఆత్మీయుడు క్రిస్టఫర్ మార్కమ్. ఇరువురును గణితము, నక్షత్రవిద్య కలిసి చదివిరి. 1930 ఫిబ్రవరిలో మార్కమ్ క్షయవ్యాధి ఫలితముగా మరణించెను. దేహము నశించిన తరువాత మనస్సేమగును, మనస్సునకును జడపదార్థమునకును గల సంబంధమేమి, అను ప్రశ్నలు నాటినుండి ఆలన్‌ను పట్టుకొనెను. కాలక్రమమున ఆయన మతవిశ్వాసమునకు దూరమయ్యెను గాని ప్రశ్న మాత్రము ఆయనను విడువలేదు.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో జేరి, 1935లో, అనగా ఇరువదిరెండేండ్ల ప్రాయముననే, అచ్చట ఫెలోగా నెన్నుకొనబడెను. ఆ యేడు మాక్స్ న్యూమన్ అను ఆచార్యుని ఉపన్యాసములలో జర్మను పండితుడు హిల్బర్టు వేసిన యొక ప్రశ్నను వినెను. ఏ గణితప్రతిజ్ఞ నిచ్చినను అది నిరూపింపదగినదో కాదో యాంత్రికముగా తేల్చు పద్ధతి యొకటి యుండునా యనునది ఆ ప్రశ్న. ట్యూరింగునకు దూరపు పరుగు అలవాటు. ఒకనాడు గ్రాంట్‌చెస్టరు దాక పరుగెత్తి పచ్చికబయలున పరుండియుండగా సమాధానమునకు దారి తోచెను. యాంత్రికముగా చేయుట యనగా నేమో ముందు తేల్చవలెను.

ఆయన ఊహించిన యంత్రము మిక్కిలి సులభమైనది. గడులు గీసిన యొక పొడవైన పట్టీ. ఒక్కసారి ఒక్క గడిని మాత్రమే చూడగల యొక కన్ను. యంత్రమునకు లోపల కొన్ని దశలు. యంత్రమిప్పు డే దశలో నున్నది, కంటియెదుట నే గుర్తున్నది, ఈ రెండు సంగతులే దాని నడతను నిర్ణయించును. ఈ దశలో ఈ గుర్తు కనబడినచో ఇది వ్రాయుము, ఇటు కదలుము, ఆ దశలో ప్రవేశింపుము, అని ఒక పట్టిక యుండును. ఉదాహరణమునకు, పట్టీపై గీసిన గీతలు సరిసంఖ్యయో బేసిసంఖ్యయో తెలిసికొనుటకు రెండే దశలు చాలును. సరియను దశతో మొదలిడి, గీత కనబడినప్పుడెల్ల సరినుండి బేసికి, బేసినుండి సరికి మారవలెను. వేయి గీతలున్నను యంత్రము వేయి సంగతులు జ్ఞాపక ముంచుకొన నక్కరలేదు.

ఇంతటితో ఆగక, ఒక యంత్రపు పట్టికను గుర్తులుగా మార్చి పట్టీపై వ్రాసినచో, దానిని చదివి ఆ యంత్రమువలెనే నడచుకొను సార్వత్రికయంత్ర మొకటి సాధ్యమని చూపెను. యంత్రమొక్కటే, పట్టికలు పెక్కు. ఒక యంత్రము ఫలానా గుర్తును ఎన్నడైన వ్రాయునో వ్రాయదో ముందుగా చెప్పగల సామాన్యపద్ధతి లేదనియు నిరూపించి, హిల్బర్టు ప్రశ్నకు లేదని యుత్తరమిచ్చెను. ఈ వ్యాసము 1936లో లండను గణితసంఘమునకు చేరెను. అమెరికాలో ఆలోంజో చర్చి అను పండితుడు మరియొక మార్గమున అదే ఫలితమునకు వచ్చియుండెను. ట్యూరింగు ప్రిన్స్‌టనుకు పోయి ఆయన యొద్ద చదివి 1938లో డాక్టరు పట్టమందెను.

మన విద్యార్థులు కొందరీ నడుమ మైక్రోకంట్రోలరు బోర్డులు తెచ్చి దీపములు వెలిగించుట, మోటారులు త్రిప్పుట నేర్చుకొనుచున్నారు గనుక ఇచ్చట కొంత నిలిచెదము. మేడమీది నీళ్లతొట్టికి నీరెక్కించు మోటారును బోర్డుచే నడిపింపవలె ననుకొందము. మోటారు వేయుము, పది నిమిషములాగుము, మోటారు ఆపుము, అని ఆజ్ఞలు వరుసగా వ్రాయుటయే తొలుత నందరును చేయు పని. ఆ పది నిమిషములును బోర్డు చెవిటిదై గ్రుడ్డిదై కూర్చుండును. నడుమ బావిలో నీరడుగంటినను, ఎవరైన పరుగెత్తివచ్చి బొత్తాము నొక్కినను దానికి తెలియదు. మోటారు నీరులేక తిరిగి తిరిగి కాలిపోవును.

దీనికి విరుగుడు ట్యూరింగు పట్టికలోనే యున్నది. మొదట కాగితముపై దశలు వ్రాయవలెను: ఆగియుండుట, నడచుచుండుట, ఆటంకమున నుండుట. పిమ్మట బయటినుండి రాదగిన సంఘటనలు: తొట్టిలో నీరు తగ్గుట, తొట్టి నిండుట, బావి యెండుట, బొత్తాము నొక్కుట, గడువు ముగియుట. మూడు దశలు, ఐదు సంఘటనలు, కావున 15 గడులు. ఒక్కొక్క గడిలో ఏమి చేయవలెనో, ఏ దశకు పోవలెనో వ్రాసిన చాలును. కాలము గడచుటను గూడ ఒక సంఘటనగా నెంచుటయే యిందలి కిటుకు. బోర్డు కాచుకొని కూర్చుండ నక్కరలేదు, గడువు తీరగానే గడియారమే వచ్చి తలుపు తట్టును. సంఘటనలు పోస్టాఫీసు కిటికీ యొద్ద జనమువలె వరుసలో నిలుచును. ఒకదాని పని పూర్తిగా ముగిసిన పిమ్మటనే రెండవదానిని పిలువవలెను. వరుస నిలుపుట, ఒక్కొక్క సంఘటనను తీసి ప్రస్తుతదశ కప్పగించుట, దశ మార్చుట, ఈ మూడు పనులను ఒక్కమారు వ్రాసి పెట్టుకొన్నచో అది యొక చట్రమగును. రేపు గేటునకైనను వీధిదీపమునకైనను అదే చట్రము, పట్టిక మాత్రమే వేరు. సార్వత్రికయంత్రపు ఛాయ ఇందు కనబడుచున్నది కదా.

అయితే ట్యూరింగు ఊహించిన పట్టీకి అంతు లేదు. మన బోర్డు జ్ఞాపకశక్తి మితమైనది. ఈ మితమే మనకు మేలు. అంతులేని పట్టీగల యంత్రముల గతిని తేల్చు సామాన్యపద్ధతి లేకపోయినను, 15 గడులను వ్రేలు పెట్టి యొక్కొక్కటిగా పరీక్షింపవచ్చును. ముఖ్యముగా ఖాళీగా నున్న గడులను చూడవలెను. ఆటంకమున నున్నపుడు బొత్తాము నొక్కినచో నేమగును? మోటారు కాలిపోవుట తరచుగా అట్టి గడిలోనే దాగియుండును. ఇట్టి మితయంత్రముల శాస్త్రమును అమెరికాలో 1955లో మీలీయు, 1956లో మూరును విస్తరించిరి. దశలలో ఉపదశలు గీయు పద్ధతిని ఇజ్రాయెలు పండితుడు డేవిడ్ హారెల్ 1987లో ప్రకటించెను.

1939 సెప్టెంబరులో యుద్ధము ప్రకటింపబడిన మరునాడే ట్యూరింగు బ్లెచ్లీ పార్కులోని రహస్యకార్యాలయమున జేరెను. జర్మనుల ఎనిగ్మా యంత్రమును గూడ దశలయంత్ర మనవచ్చును. అక్షరము నొక్కినప్పుడెల్ల లోపలి చక్రము కదలి, అదే అక్షరము మరుమారు వేరొక అక్షరముగా మారును. పోలండు గణితవేత్తలు ముందుగా తెరచిన దారిని గొని, ట్యూరింగును వెల్చ్‌మను బాంబ్ అను శోధనయంత్రమును సిద్ధపరచిరి. అది 1940 మార్చిలో పనికి వచ్చెను. జర్మను నౌకాదళపు సంకేతములను విప్పుటలో ఆయనయే ముఖ్యుడు. అట్లాంటికుపై ఆహారపు నావలు బ్రతికి బయటపడుటకు అది తోడ్పడెను. అచ్చట ఆయన సైకిలు గొలుసు కొన్ని చుట్లకొకమారు ఊడిపోవుచుండెనట. ఆయన దానిని బాగుచేయింపక, చుట్లు లెక్కించుచు త్రొక్కి, ఊడు సమయమునకు ముందుగా సరిచేసికొనెడివాడని తోడివారు చెప్పిరి. మేమైతే సైకిలును అంగడికి తీసికొనిపోయియుందుము.

యుద్ధానంతరము జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏ.సీ.ఈ. అను కంప్యూటరునకు సమగ్రమైన పథకము వ్రాసెను. ఆలస్యములకు విసిగి 1948లో మాంచెస్టరుకు పోయెను; ఆ పథకపు చిన్నరూపము 1950 మే నెలలో నడచెను. 1947లో మారథాను పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించి ఐదవవాడుగా నిలిచెను. యంత్రములు ఆలోచింపగలవా యను వ్యాసము 1950లో వెలువడెను. 1951లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గైకొనెను.

ఇక వ్రాయవలసినది బాధాకరమైనది. మాలో కొందరు సంకోచించిరి గాని, దాచుట అసత్యమగును. మరియొక పురుషునితో సంబంధము కలదని 1952లో ట్యూరింగుపై అప్పటి ఆంగ్లదేశపు చట్టము ననుసరించి నేరస్థాపన జరిగెను. చెరసాలకు మారుగా హార్మోనుల చికిత్సకు లోబడవలసివచ్చెను. ప్రభుత్వ రహస్యకార్యములలో ఆయనకు ప్రవేశము లేకుండ చేసిరి. దేశమును కాపాడినవారిలో నొకడని న్యాయస్థానమునకు చెప్పుటకైనను వీలులేకపోయెను. యుద్ధకాలపు పని యంతయు గోప్యము. 1954 జూన్ 7న, నలుబదిరెండేండ్లు నిండకమునుపే, సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్య యని విచారణలో తేల్చిరి. తల్లి మాత్రము అది ప్రయోగములు చేయుచుండగా జరిగిన ప్రమాదమనియే నమ్మెను. ఆమె 1959లో కుమారుని చరిత్రము ప్రకటించినపుడు సయితము బ్లెచ్లీ సంగతి లోకమునకు తెలియదు. 1970 తరువాతనే అది బయటపడెను.

ఆ చట్టము 1967లో మారెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష నొసగెను. 2021 జూన్ 23న, ఆయన జన్మదినమున, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వారు ట్యూరింగు చిత్రముతో 50 పౌండ్ల నోటు విడుదల చేసిరి. ఆ నోటుపై ఆయన ముఖముతోబాటు, 1936 నాటి వ్యాసములోని దశల పట్టికయు ముద్రింపబడియున్నది.