అదృశ్య ద్రవ్యాన్ని తూచిన శాస్త్రజ్ఞుడు – ఫ్రిట్జ్ జ్వికీ

కంటికి కనిపించిన దానినే లెక్కలోనికి తీసుకోవడం మానవ సహజం. కనిపించని దానిని లెక్కకట్టి చూపడం కొందరికే సాధ్యం. అట్టివారిలో ప్రొఫెసర్ ఫ్రిట్జ్ జ్వికీ అగ్రగణ్యులు. ఆ ఖగోళ శాస్త్రజ్ఞుని జీవితాన్ని మా విద్యార్థుల కొరకు సంగ్రహంగా వివరింపదలచినాము.

జ్వికీ 1898 ఫిబ్రవరి 14న బల్గేరియాలోని వార్నా అనే రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండ్ దేశీయుడు, తల్లి చెక్ జాతీయురాలు. ఆరేళ్ల ప్రాయంలో ఆయనను స్విట్జర్లాండ్‌లోని గ్లారస్‌కు, తాత నాయనమ్మల వద్దకు పంపారు. కుమారుడు వాణిజ్యశాస్త్రం అభ్యసించాలని తల్లిదండ్రుల సంకల్పం. కాని బాలుని మనస్సు గణిత భౌతికశాస్త్రాల వైపు మొగ్గింది. జ్యూరిచ్‌లోని సాంకేతిక విద్యాలయంలో ఉన్నత విద్య ముగించి, 1925లో అమెరికా వెళ్లి కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. తదుపరి జీవితమంతా అక్కడే గడిచినా స్విస్ పౌరసత్వాన్ని మాత్రం వదులుకోలేదు.

1933లో జ్వికీ కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించారు. అందులోని గెలాక్సీల వేగాలలో సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన తేడాలు కానవచ్చాయి. కనిపించే వెలుగును బట్టి ద్రవ్యరాశిని లెక్కిస్తే ఆ వేగం 80 కిలోమీటర్లకు మించరాదు. అంత వేగంగా సంచరించేవి ఏనాడో చెల్లాచెదరై పోవలసినది, కాని పోలేదు. కావున వెలుగునివ్వని ద్రవ్యమేదో వాటిని పట్టి ఉంచుతున్నదని ఆయన నిర్ణయించారు. దానినే నేడు కృష్ణ పదార్థం అంటున్నాము. గుంపు సాంద్రత, కనిపించే పదార్థాన్ని బట్టి వేసిన అంచనాకు 400 రెట్లు ఉండాలని ఆయన లెక్క. ఆనాటి దూరాల కొలతలలోని దోషం వల్ల ఈ సంఖ్య అధికమైనదని తరువాత తేలింది. ఆ దోషాన్ని సవరించిన పిమ్మట కూడ లోటు పూడలేదు.

మరుసటి ఏడు వాల్టర్ బాడేతో కలిసి, పెద్ద నక్షత్రం సూపర్నోవాగా పేలినప్పుడు న్యూట్రాన్ నక్షత్రం మిగులుతుందని ప్రతిపాదించారు. న్యూట్రాన్ కణం బయటపడి అప్పటికి రెండేళ్లే అయినది!

అయితే వేగాలను బట్టి కట్టిన లెక్కకు మరొక సాక్ష్యం కావాలి. గురుత్వం కాంతిని వంచుతుందని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పగా, 1919 నాటి సూర్యగ్రహణం దానిని నిరూపించింది. ఒక నక్షత్రం తన వెనుకనున్న మరో నక్షత్రపు కాంతిని కటకం వలె వంచగలదని, కాని దానిని చూడగలమన్న ఆశ లేదని 1936లో ఐన్‌స్టీన్ వ్రాశారు. 1937లో జ్వికీ, నక్షత్రం కాదు, గెలాక్సీయే తగిన కటకమని వాదించారు. కాంతి ఎంత వంగినదో కొలిస్తే, వంచిన గెలాక్సీ బరువు తెలుస్తుంది. ఆ ద్రవ్యం వెలుగునిచ్చేదా కాదా అన్న ప్రశ్నయే లేదు. కాంతి వంపే త్రాసు!

ఆనాటి దూరదర్శినులకు ఆ శక్తి లేదు. పైగా జ్వికీ వాక్కు కఠినం. సహచరులతో కలహాలు పెక్కు. ఆయన మాటకు దక్కవలసిన గౌరవం దక్కకపోవడానికి ఇదీ ఒక కారణమని దాచకుండా చెప్పవలసి ఉన్నది. అయితే ఆ కఠినుడే రెండవ ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన గ్రంథాలయాలకు శాస్త్రగ్రంథాలను సేకరించి పంపడానికి ఎంతో శ్రమించారు. 1972లో ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణపతకం లభించింది. 1974 ఫిబ్రవరి 8న పాసడీనాలో కన్నుమూశారు.

ఆ తరువాత అయిదేళ్లకు, 1979లో, మధ్యనున్న గెలాక్సీ వల్ల ఒకే క్వేజార్ రెండుగా కనిపించిన దృశ్యం తొలిసారి దొరికింది. 1990లో టైసన్ బృందం మరింత సూక్ష్మమైన వంపును గెలాక్సీల గుంపుల చుట్టూ గుర్తించింది. ఈ బలహీన కటకం వల్ల వెనుకనున్న గెలాక్సీల ఆకారంలో వచ్చే మార్పు తరచు నూటికి ఒక పాలు కూడ ఉండదు. ఒక్క వరికంకి వాలితే గాలి ఉన్నదని చెప్పలేము. చేనంతా ఒకే పక్కకు వాలితే చెప్పగలము. అట్లే వేలాది గెలాక్సీల ఆకారాలను సగటు కట్టి, అదృశ్య ద్రవ్యాన్ని తూచుతున్నారు. 2023 జులై 1న ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన యూక్లిడ్ దూరదర్శినికి ఇది ఒక ముఖ్య కార్యం. కృష్ణ పదార్థం దేనితో ఏర్పడినదో నేటికీ తేలలేదు.

జ్వికీ చూపిన త్రాసు పనిచేయడం ఆయన కళ్లారా చూడలేదు. లెక్క సరియైనదైతే లోకం అంగీకరించే వరకు అది వేచి ఉండగలదు. విద్యార్థులు ఆయన మాటలోని కాఠిన్యాన్ని విడిచి, లెక్కలోని ధైర్యాన్ని గ్రహింతురని మేము ఆశిస్తున్నాము.